మా అత్త ఎనుములు, చెరువు గ్రాంటు

మా ఊరి చెరువు పచ్చబడినందుకు అందరూ నేరాన్ని గనుల మీదికి తోశారు. అలా తోసేయడం అప్పట్లో మాకు అలవాటు. ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఎర్రబడితే గనులు, పిల్లలకు దగ్గు తగ్గకపోతే గనులు, ఎదురింటివాళ్ళు మేడ మీద మేడ లేపితే అదీ గనులే. సండూరు కొండల నుంచి ఇనుపరాయి నింపుకున్న లారీలు కూరెకుప్ప దాటి మా ఊరి నడిమధ్య నుంచి పోయేవి. వాటి దుమ్ము ఎరుపు. చెరువు నీళ్ళేమో చిక్కటి పచ్చ. ఎర్ర దుమ్ము పడితే నీళ్ళు పచ్చగా ఎందుకవుతాయని అడిగిన మనిషి ఒక్కరూ లేరు. నేనూ అడగలేదు. కొత్త కోడలిని, వేరే విషయాల్లో నోరు పారేసుకుని అప్పటికే చెడ్డపేరు తెచ్చుకుని ఉన్నాను.

నాది అనంతపురం వైపు. మా అత్తవారిది తెలుగు సేద్యపు కుటుంబం. బళ్ళారి సీమకు ఎప్పుడు వచ్చి స్థిరపడ్డారో వాళ్ళకే గుర్తు లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో బేరం తెగకపోతే నాలుగు ఉర్దూ మాటలు. మామ నేను రాకముందే పోయాడు. మా ఆయన పొలాన్ని కౌలుకిచ్చి లారీ కొన్నాడు. ఊళ్ళో సగం మంది రైతులు అదే పని చేశారు కాబట్టి అందులో వింతేమీ లేదు. ఇక మిగిలింది మా అత్త, ఆమె రెండు ఎనుములు. గేదెల్ని మావైపు కూడా ఎనుములనే అంటారు గానీ, ఆ ఇంట్లో వాటికున్న మర్యాద నేను మావైపు చూడలేదు. ఇంట్లో ముందు వాటి కడుపు నిండాలి, తర్వాత మా ఆయనది, ఆ తర్వాతే నాది. ఈ వరుస గురించి నేను గొడవపడని వారం లేదు.

మా అత్తకు కోపం ముక్కు మీదే ఉండేది. నాకూ అంతే. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరిందని మా ఆయన అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. కానీ ఆమె శాంతంగా ఉండే సమయం ఒకటుండేదని పొరుగమ్మలు చెప్పేవారు. మధ్యాహ్నం ఎనుముల్ని చెరువులోకి తోలి, కట్ట మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటిని చూస్తూ ఉండేదట. ఆ సమయంలో అప్పు అడిగినా ఇచ్చేదట. నేను వచ్చేసరికి ఆ భోగం పోయింది. చెరువు పచ్చబడింది, గుర్రపు డెక్క అల్లుకుంది, ఒడ్డున నిలబడితే ముక్కు మూసుకోవాల్సిందే. ఆ నీళ్ళలో దిగిన ఎనుముకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గోడలకు రుద్దుకుని రుద్దుకుని తోలు ఊడిందట. అప్పటి నుంచి అత్త వాటిని ఇంటి దగ్గరే కట్టేసి, బోరు నీళ్ళు బిందెలతో తెచ్చి వీపుల మీద పోసేది. ఎండాకాలంలో ఆ పని చూస్తే నాకే నడుము నొప్పి వచ్చేది.

"ఎనుము నీళ్ళల్లో మునగాల. బిందెడు నీళ్ళు నెత్తిన పోస్తే దానికేం తెలుస్తాది? నాకు నగలొద్దు, కాశీ వద్దు. నా ఎనుములు మళ్ళా చెరువులో దిగాల, అంతే," అనేది. ఈ మాట రోజుకు ఒకసారైనా వినేదాన్ని.

ఇంతలో పట్టణ పంచాయితీకి చెరువు బాగు చేయడానికి సర్కారు గ్రాంటు వచ్చిందని తెలిసింది. బడి మైదానంలో షామియానా వేసి మీటింగు పెట్టారు. గ్రాంటు పని చూడటానికి వచ్చిన ఇంజినీరు కుర్రవాడు దావణగెరె వైపు కన్నడిగ. మా ఊళ్ళోనే గది అద్దెకు తీసుకున్నాడు కాబట్టి వచ్చీరాని తెలుగు పట్టుకున్నాడు. గనుల యజమానులను నిలబెట్టి తిట్టే అవకాశం వచ్చిందని జనం ఉత్సాహంగా కూర్చున్నారు. ఆయన లేచి, చెరువును పాడుచేసింది గనుల దుమ్ము కాదు, మన ఇళ్ళ మోరీలు అన్నాడు. షామియానా కింద అంతా ఒక్కసారి చప్పబడిపోయారు.

ఆయన చెప్పింది ఇదీ. లారీలు పెరిగాయి, డ్రైవర్లూ క్లీనర్లూ మెకానిక్కులూ వచ్చారు, వాళ్ళ కోసం ఊరంతా అద్దె గదులు కట్టింది. ప్రతి గదికీ స్నానాల నీళ్ళు, పాయిఖానా నీళ్ళు, సబ్బు నీళ్ళు. అన్నీ మోరీలో పడి చెరువులోకే పోతున్నాయి. ఆ నీళ్ళ నిండా ఎరువే. చెరువుకు ఎరువు ఎక్కువైతే నాచు, గుర్రపు డెక్క పెరిగి నీళ్ళకు గాలి ఆడకుండా చేస్తాయి. కాబట్టి మోరీ నీళ్ళలో ఎరువును ముందే తీసేసి, తర్వాత చెరువులోకి వదలాలి. గ్రాంటు అందుకే ఇచ్చారు.

"యూరియా ఎక్కువేస్తే వరి ఆకేసి పడిపోతాది. అట్లాంటిదా సారూ?" అని వెనక నుంచి అత్త అరిచింది.

"హౌదు అజ్జీ, అదే," అన్నాడాయన సంతోషంగా. కన్నడంలో అజ్జీ అంటే అవ్వ.

"అంటే మా గదుల్లో ఉండే లారీవాళ్ళు స్నానాలు చేసి చెరువు చెడగొట్నారంటావు."

"వాళ్ళే కాదు అజ్జీ. నేనూ మీ ఊళ్ళో స్నానం చేస్తాండా. నాదీ కలిసుండాది."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో పని సగం అయిపోయింది. లేకపోతే గదులున్న ప్రతి ఇంటివాడూ ఆయన్ని ఊరి పొలిమేర దాటించేవాడు. మా ఇంటి వెనక కూడా గదుల వరుస ఉంది, నేనూ తల వంచుకునే నవ్వాను.

గ్రాంటు రెండు కంతులుగా, అంటే రెండు విడతలుగా వస్తుందట. మొదటి కంతుతో పెద్ద మోరీ చెరువులో కలిసేచోట మురుగు నిలిచే గుంత తవ్వి, దాని పక్కన గడ్డి మడులు కట్టాలి. మోరీ నీళ్ళు మడుల్లో మెల్లగా పారితే గడ్డి ఆ ఎరువును లాక్కుంటుంది. బెంగళూరు నుంచి అధికారులు వచ్చి, గడ్డిని చూసి, మడి దాటిన నీళ్ళను పరీక్షకు పట్టుకుపోయి, బాగుందంటే రెండో కంతు. దానితో కింది వీధి మోరీని కూడా ఇటు తిప్పాలి. అది తిప్పకపోతే ఊరి మురుగు సగం ఇంకోవైపు నుంచి చెరువులో పడుతూనే ఉంటుంది, చేసిన పనంతా దండగే.

చిక్కల్లా స్థలంతోనే వచ్చింది. పెద్ద మోరీ చెరువులో కలిసేచోట, మా ఇంటి వెనక గదులు దాటగానే ఉన్న నేల తుండు మా అత్తది. ఏళ్ళ తరబడి ఆమె మోరీ నీళ్ళను అందులోకి మళ్ళించి ఎనుములకు నీటిగడ్డి పెంచుకుంటోంది. మా ఆయన దాని మీద ఎప్పటి నుంచో కన్నేసి ఉన్నాడు. చదును చేసి లారీలు నిలిపే యార్డుగా అద్దెకిస్తే ఇంట్లో కూర్చుని తినొచ్చని ఆయన ఆలోచన. అప్పట్లో లారీ నిలపడానికి చోటు దొరకడం పిల్లకు సంబంధం దొరకడం కంటే కష్టంగా ఉండేది.

"రేయ్, లారీలు నిలిపేదానికి తావు కావాలంటాండావు. నా ఎనుములు దిగేదానికి తావు యాడుండాదిరా? చెరువు బాగైతేనే కదా!" అని అత్త ఒక్క మాటతో తేల్చేసింది.

మా ఆయన నావైపు చూశాడు. నేను ఆయన పక్షం మాట్లాడతానని నమ్మకం. నేను మాత్రం అత్త పక్షమే పట్టాను. యార్డు వస్తే ఇంటి వెనక పగలూ రాత్రీ హారన్లు మోగుతాయని నా భయం. కారణం ఏదైనా, మేమిద్దరం ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి, మా ఆయన నోరెళ్ళబెట్టాడు.

అత్త ఇంజినీరుకు తన షరతు చెప్పింది. తుండు మీరు తీసుకోండి, కానీ గడ్డి నా ఎనుములకే. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఎందుకంటే మడిలో గడ్డి కోయకుండా వదిలేస్తే ముదిరి, కుళ్ళి, లాక్కున్న ఎరువు మళ్ళీ నీళ్ళలోనే కలుస్తుందట. కోసి బయటికి తీసేయాలి. కోయించడానికి గ్రాంటులో పైసా లేదు. "మీ ఎనుములే నాకు కూలీలు అజ్జీ," అన్నాడు. ఒక్కటే నియమం పెట్టాడు. ఒక మడి కోసినప్పుడు మిగతా మడులు నిలబడి ఉండాలి, అన్నీ ఒకేసారి కోయకూడదు. అత్త సరేనంది. మిగతా వీధి ఆడవాళ్ళకు కూడా వంతులవారీగా గడ్డి ఇవ్వాలని ఒప్పందం అయింది.

మడులు బాగా కుదిరాయి. మోరీలో నల్లగా వచ్చిన నీళ్ళు చివరి మడి దాటేసరికి తేటపడేవి. వాసన పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను గానీ, పక్కన నిలబడి మాట్లాడుకోగలిగేంత తగ్గింది. ఇంజినీరు రోజూ వచ్చి ఆ నీళ్ళను సీసాలో పట్టి ఎండకు పెట్టి చూసి మురిసిపోయేవాడు. అత్త గడ్డిని చూసి మురిసిపోయేది. గడ్డి నడుమెత్తు లేచింది. అంత గడ్డి ఆమె జన్మలో చూడలేదట.

అప్పుడు వచ్చింది అధికారుల కబురు. ఇంజినీరు ఏదో పని మీద బళ్ళారిలో ఉండిపోయి, పంచాయితీ ఆఫీసుకు ఫోన్ చేసి సోమవారం వస్తున్నారని మాత్రం చెప్పాడు. ఆ ఒక్క మాట ఊళ్ళో పడింది.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళు వచ్చే చోట గడ్డి కనబడకూడదు. తేరు లాగే దారైనా, పెళ్ళివారు దిగే వాకిలైనా, బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజైనా, ముందు గడ్డి చెక్కాలి, సున్నం కొట్టాలి, తర్వాతే మిగతా పనులు. గడ్డి మొలిచిందంటే అక్కడ మనుషులు బతకడం లేదని అర్థం. ఎవరైనా అలాంటి చోటికి పెద్దమనిషిని పిలిస్తే పదేళ్ళు చెప్పుకుంటారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పని సంగతి, అందరికీ ఒంట్లో ఉన్న సంగతి.

ఆదివారం పొద్దున్నే వీధి ఆడవాళ్ళందరూ కొడవళ్ళు పట్టుకుని దిగారు. ముందు గట్ల మీద గడ్డి చెక్కారు. గట్లు నున్నగా అయ్యేసరికి మడులు గుబురుగా కనబడ్డాయి. "ఇంత అడివి పెట్టుకుని బెంగళూరోళ్ళను పిలుస్తామా?" అని ఎవరో అన్నారు. అత్త ఒక్క క్షణం ఆగింది, అది నాకు గుర్తుంది. ఇంజినీరు నియమం ఆమె మనసులో మెదిలే ఉంటుంది. కానీ పక్కన ఇంత మంది ఆడవాళ్ళు ఆమె తుండును చూస్తున్నారు. ఆమె కొంగు బిగించి మొదటి మడిలోకి దిగింది. ఇక ఎవరూ ఆగలేదు. మధ్యాహ్నానికి మడులన్నీ గుండు కొట్టినట్టయ్యాయి. ఎనుములు ఆ రోజు తిన్న తిండి పండగకు కూడా తినలేదు. గట్టు రాళ్ళలో ఒకదానికి సున్నం, ఒకదానికి ఎర్రమన్ను పూశారు. నేను దారి పొడవునా ముగ్గు పెట్టి, కన్నడంలో సుస్వాగతం అని రాశాను. అక్షరాలు కుదురుగా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు కూడా.

"ఇప్పుడు చూడు, పెండ్లిపందిరి మాదిరి ఉండాది," అంది అత్త నడుము మీద చేతులు పెట్టుకుని.

సోమవారం అధికారుల జీపు కంటే కాస్త ముందు ఇంజినీరు మోటారు సైకిలు వచ్చింది. ఆయన దిగి, ముగ్గు తొక్కకుండా పక్కగా నడిచి, మడుల వైపు చూసి అక్కడే నిలిచిపోయాడు.

"అజ్జీ... గడ్డి యాడ?"

"కోసేసినాం సారూ."

"అంతా?"

"అంతా. ఒక్క పోచ మిగలనిస్తే అడుగు."

ఆయన తల పట్టుకుని దగ్గరున్న రాయి మీద కూలబడ్డాడు. సున్నం ఇంకా పచ్చిగా ఉంది. ఆయన ప్యాంటు గతి చూసి కూడా మాలో ఎవరికీ నవ్వు రాలేదు. ఏదో పెద్ద పొరపాటు జరిగిందని అప్పుడే మా అందరికీ తట్టింది.

జీపులోంచి దిగిన అధికారిణి మా అత్త కంటే పదేళ్ళు చిన్నదై ఉంటుందేమో. ఖాళీ సీసాలున్న పెట్టె పట్టుకుని ఇంకొకాయన వెనకే వచ్చాడు. ఆమె ముగ్గు చూసింది, రంగు రాళ్ళు చూసింది, బోడి మడులు చూసింది. ఎవరు కోశారని కన్నడంలో అడిగింది. పొద్దుటి దాకా ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు.

"నేనే కోసినా మేడమ్మా," అంది అత్త.

"ఎందుకు?"

"మీరు వస్తాండారని."

ఆమె పెదవులు బిగించి తల పక్కకు తిప్పుకుంది. నవ్వు ఆపుకుంటోందని నాకు అర్థమైంది. ఇటు తిరిగేసరికి మాత్రం ముఖం గట్టిగానే ఉంది. "నీళ్ళు వడకట్టే జల్లెడ తీసి పక్కన పడేసి నాకు స్వాగతం చెప్పారమ్మా," అంది. కోయడం తప్పు కాదట. చాలా ఊళ్ళలో ఎవరూ కోయక గడ్డి కుళ్ళి మడులు పాడయ్యాయట. కానీ ఇలా అన్నీ ఒకేసారి కోశాక ఈ రోజు నీళ్ళు పట్టుకుపోతే పరీక్ష తప్పుతుంది. తప్పిందని రాస్తే రెండో కంతు ఇంకో ఊరికి వెళ్ళిపోతుంది. అందుకని గడ్డి లేచాక మళ్ళీ వస్తానంది. అప్పుడు కూడా ఇలాగే ఉంటే తన చేతుల్లో ఏమీ ఉండదంది. ఆమె వెళ్ళేటప్పుడు నా ముగ్గును చుట్టి వెళ్ళింది, తొక్కలేదు.

ఆ రోజు అత్త అన్నం ముట్టలేదు. ఎనుముల దగ్గర కూర్చుని, "నేనే నా చేత్తో మీ నోట్లో మన్ను కొట్టినా," అని వాటితో చెప్పుకుంది. ఇంకెప్పుడైనా అయితే ఆమెను దెప్పడానికి నాకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. నాకు దెప్పబుద్ధి కాలేదు. ఆమె మీద నాకు ప్రేమ ఉందని మొదటిసారి తెలిసింది ఆ రోజే. కంచం తీసుకుపోయి పక్కన పెట్టి, "గడ్డే కదా అత్తా, మళ్ళా మొలుస్తాది. తిను," అన్నాను.

మర్నాటి నుంచి ఆమె మడుల కాపలాకు కూర్చుంది. మోరీ నీళ్ళలో లేతగడ్డి చివుళ్ళు లేస్తుంటే ఊళ్ళో మేకలన్నిటికీ ముందే కబురు అందినట్టుంది. వాటిని కర్రతో అదిలించేది. ఆడవాళ్ళు వంతు అడిగితే ఇంజినీరు కంటే గట్టిగా నియమం చెప్పేది. అన్నిటికంటే పెద్ద దొంగలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. ఆమె ఎనుములు పలుపులు తెంపుకుని నేరుగా మడుల మీదికే వచ్చేవి. వాటి కోసమే వాటిని కొట్టాల్సి వచ్చేది. కొట్టి, వెంటనే మెడ నిమిరి, "కొన్నాళ్ళు ఓర్చుకోండమ్మా," అని బతిమాలేది.

వాటికి మేత ఎలా? హచ్చొళ్ళిలో మా అత్త తమ్ముడికి వరి పొలాలు ఉన్నాయి. అక్కడి నుంచి వరిగడ్డి తేవాలంటే మా ఆయన లారీ గనుల కిరాయి మానుకోవాలి. కిరాయి మానడమంటే ఆయనకు ప్రాణం పోయినంత పని. మూడు రోజులు సణిగి, చివరికి తల్లి ముఖం చూడలేక వెళ్ళాడు. లారీ నిండా గడ్డి వచ్చింది గానీ, ఆ లారీ ఎన్నాళ్ళ నుంచో ఇనుపరాయి మోసింది. గడ్డి ఎర్రగా దిగింది. ఎనుములు వాసన చూసి ముఖం తిప్పుకున్నాయి. నేనూ మా ఆయనా వాకిట్లో నిలబడి మోపు మోపుగా దులిపాం. ఇద్దరం ఎర్రమన్ను బొమ్మల్లా అయ్యాం. అత్త మమ్మల్ని చూసి ఎన్నో రోజుల తర్వాత పకపకా నవ్వింది.

గడ్డి మోకాలెత్తు లేచిన వేళ ఇంకో చిక్కు వచ్చింది. కిరాయి రేటు గొడవ మీద లారీవాళ్ళు సమ్మె కట్టి, డ్రైవర్లందరూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు వెళ్ళిపోయారు. గదులు ఖాళీ. మోరీలో నీళ్ళు సన్నని దారమయ్యాయి. నడి ఎండాకాలం, మడులు బీటలివ్వడం మొదలుపెట్టాయి. ఊరి మురుగు చెరువును చంపిందని మీటింగులు పెట్టుకున్న మేము, మురుగు చాల్లేదని ఏడ్చే రోజు వచ్చింది.

అత్త వీధి వీధీ తిరిగింది. "ఏమ్మా, దుప్పట్లు ఉతుక్కోరా ఏంది? ఇంట్లో బొంతలు లేవా? పిల్లోళ్ళకు ఈ పొద్దు ఇంకోసారి నీళ్ళు పోయండి," అని ప్రతి వాకిట్లో నిలబడి అడిగింది. మా ఇంట్లో అటక మీది బొంతలన్నీ దింపి నా ముందు పడేసింది. ఎవరూ కాదనలేదు. ఆ రోజు గడ్డి కోసినవాళ్ళు వాళ్ళే, ఆమె ఒక్కతే మాటపడిందన్న సంగతి వాళ్ళ మనసుల్లో ఉంది. వీధి వీధంతా కలిసి ఉతికింది. ఇంజినీరు వచ్చి, మోరీలో పొంగుతున్న నురగ చూసి, ఇంత సబ్బు మాత్రం వద్దని చేతులు జోడించాడు. డ్రైవర్లు తిరిగొచ్చేదాకా మేం వట్టి నీళ్ళతోనే ఉతికాం. బట్టలు ఎంత శుభ్రమయ్యాయో అడక్కండి.

అధికారిణి మళ్ళీ వచ్చిన రోజున దారి ఊడ్చడానికి కూడా అత్త ఎవర్నీ రానివ్వలేదు. గట్ల మీద గడ్డి, మడుల్లో గడ్డి, రాళ్ళ సందుల్లో గడ్డి. రాళ్ళ మీది సున్నం రాలిపోయి ఉంది. ఆవిడ గట్టు మీద నడుస్తుంటే చీర అంచుకు పల్లేరుకాయలు అంటుకున్నాయి. అత్త సిగ్గుతో చచ్చిపోతూ నిలబడింది గానీ, ఒక్క పల్లేరు కూడా పీకలేదు. సీసాల పెట్టె ఆయన చివరి మడి దగ్గర కూర్చుని నీళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ గడ్డిలో చెయ్యి పెట్టి చూసి, "ఈసారి నాకు ముగ్గు లేదా?" అని నన్ను అడిగింది. పరీక్ష అయ్యాక పెడతానన్నాను.

పరీక్ష నెగ్గిందని, రెండో కంతు మంజూరైందని ఇంజినీరు వచ్చి చెప్పినప్పుడు అత్త పాలు పితుకుతోంది. చెయ్యి ఆపలేదు. "కూర్చో సారూ, కాఫీ తాగి పో," అంది. చెంబులో పాలు పడే చప్పుడు మాత్రం కాసేపు లయ తప్పింది, మళ్ళీ కుదురుకుంది.

కింది వీధి మోరీని తిప్పడానికి చాలా నెలలు పట్టింది. పైపుల కోసం తవ్వి వీధిని కుళ్ళబొడిచారు, ఊరు తిట్టుకుంది, నేనూ గట్టిగానే తిట్టాను. గుర్రపు డెక్క తీయించారు. ఒక వాన కొత్తనీళ్ళు తెచ్చింది, ఇంకో వాన ఇంకొన్ని. చెరువు అద్దంలా అయిందని చెప్పను. ఆ పచ్చదనం మాత్రం మెల్లమెల్లగా విరిగి, అంచుల్లో అడుగున రాళ్ళు కనబడ్డాయి. తూము దగ్గర కొంగలు దిగాయి. కట్ట మీద సాయంత్రాలు మనుషులు కూర్చోవడం మొదలైంది.

ఎనుముల్ని ఎప్పుడు దింపుతావని అందరూ అత్తను అడిగేవారు. ఆమె తొందరపడలేదు. ఒకరోజు తనే చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని నీళ్ళలోకి దిగి, చాలాసేపు అలాగే నిలబడింది. ఇంటికి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుని, పూట పూటకూ నన్ను పిలిచి దద్దుర్లు ఏమైనా లేచాయేమో చూడమనేది. నాకు విసుగొచ్చి, "నీ కాళ్ళతో పరీక్ష ఏంది అత్తా, సర్కారే పరీక్ష చేసింది కదా!" అన్నాను.

"సర్కారోళ్ళు నీళ్ళను పరీక్ష చేసినారు. దురద పుడితే చెప్పుకునేదానికి ఎనుముకు నోరుండాదా?" అంది. నేను ఆమె కాళ్ళు మళ్ళీ చూశాను. ఎక్కడా ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం ఎనుముల్ని తోలుకుపోయింది. నేనూ వెంట వెళ్ళాను. పెద్దది చెరువు ఎరిగినదే. ఒడ్డున నిలబడి ముట్టె చాచి వాసన చూసి, ఒక్కసారి బుసకొట్టి దిగిపోయింది. చిన్నది పుట్టాక చెరువు మొహం చూడలేదు. ముందుకాళ్ళు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి పెద్దదాని వెనక లోతుకు పోయి, ముక్కు, కొమ్ములు తప్ప మిగతాదంతా ముంచేసింది. అత్త చేతిలో పలుపు జారిపోయింది. ఆమె వంగి తీసుకోలేదు. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచినట్టు లేదు. కట్ట మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను. మేమిద్దరం అంతసేపు గొడవపడకుండా ఎప్పుడూ కూర్చోలేదు.

ఎండ తగ్గింది. పాలు పితికే వేళ అయింది, దాటింది కూడా. రోడ్డు మీది హోటల్లో పనిచేసే ఆయన క్యాను పట్టుకుని మమ్మల్ని వెతుక్కుంటూ కట్ట మీదికి వచ్చాడు. టీకి పాలు లేక లారీవాళ్ళు అరుస్తున్నారన్నాడు. అత్త ఆయన వైపు చూడనైనా చూడలేదు.

"ఈ పొద్దు పాలు లేవు పోప్పా."

"అట్లంటే ఎట్లమ్మా! పిలువు, వస్తాయి కదా."

"పిలిస్తే వస్తాయి," అంది అత్త. "నేనే పిలవను."